జవాబు రాని చీటీ

“పెన్ను మూత మళ్ళీ మాయం! మింగేస్తున్నావా ఏమిటి?” భర్త గొంతు చించుకున్నాడు.

“చెవిలో తిప్పుకుని ఎక్కడో పారేసేది మీరు. మాటలు నాకా?”

“సర్లే, ముందు ఇక్కడ సంతకం పెట్టు. లిఫ్టు నడిపే ముసలాయన మీద ఫిర్యాదు. ఎక్కినవాళ్ళని వదలడు, ఒకటే వాగుడు.”

ఆవిడ లిఫ్టు ఎక్కి ఏడాదైంది. ఈ అపార్ట్‌మెంటుకి వచ్చిన కొత్తలో ఓసారి, నవలలో చదివిన ఇంగ్లీషు ముక్క ఒకటి లిఫ్టులో పక్కింటామెతో అంది.

“మా తాతమ్మ కూడా అలా అనదండీ!”

లిఫ్టంతా ఘొల్లుమంది. అప్పట్నుంచీ నాలుగంతస్తులూ మెట్లే. ఎవరితోనూ మాటల్లేవు.

పోట్లాట తెగితే చాలనుకుని సంతకం పెట్టేసింది.

ఆవిడకున్న తోడల్లా కింద వరండాలో అందరి కోసం పెట్టిన పాత పుస్తకాల బీరువా. ఆర్నెల్ల కిందట ఓ నవలలో చీటీ పెట్టింది: ‘ఐ యామ్ ఒబ్లైజ్డ్ టు యూ. ఇప్పుడెవరైనా అంటారా?’

మర్నాడు దాని కిందే పెన్సిలు రాత: ‘పద్నాలుగు మందిని అడిగాను. ఒక్కరే అంటారట, ఆవిడకి ఎనభై దాటాయి. మీరు థాంక్యూ అనండి, చాలు.’

ఆనాటి నుంచి రోజుకో చీటీ, రోజుకో జవాబు. ‘ఈ మాట ఇంకా బతికే ఉంది. ధైర్యంగా అనండి.’

ఎవరో ప్రొఫెసరు కాబోలు, ఎంతమంది స్నేహితులో అని ఆవిడకి అసూయ. తను అడగడానికి ఒక్క మనిషి లేడు.

సంతకం పెట్టిన మరుసటి సోమవారం జవాబు రాలేదు. మంగళవారమూ రాలేదు. ‘ఐ బెగ్ యువర్ పార్డన్. ఇంకా అంటారా?’ అన్న చీటీ పుస్తకంలో అలాగే ఉండిపోయింది.

మూడు వారాల తర్వాత, భోజనాల దగ్గర కూతురంది.

“కొత్త లిఫ్టు అంకుల్ నోరే విప్పడమ్మా. పాత తాతయితే చీటీ పట్టుకుని అందర్నీ అడిగేవాడు, ‘మీరీ ఇంగ్లీషు మాట అంటారా?’ అని.”

“పీడ విరగడైంది. కూర వెయ్యి,” అన్నాడు భర్త.

ఆవిడ గరిటె గిన్నెలో వదిలేసింది.

“రేపు ఆయన ఇల్లు వెతుక్కుంటూ వెళ్తున్నాను.”

“ఇల్లెక్కడో నీకేం తెలుసు?”

“లిఫ్టులో కూర్చుంటాను. ఎక్కినవాళ్ళందర్నీ అడుగుతాను.”