నెమ్ము

ఉదయగిరి బస్సు కండక్టరు ఆత్మకూరులో కోటిలింగం కొట్టు ముందు ఆగాడు.

"శెట్టిగారూ, మీ బామ్మర్ది చెప్పమన్నాడు. నెమ్ము చేరిందంట. బిరీన రమ్మన్నాడు."

ముసురు వదలడం లేదు. శెనక్కాయల మూటలన్నీ ఉదయగిరిలో అత్తగారింట్లోనే ఉన్నాయి. భార్య పద్మావతమ్మ పుట్టింట్లోనే ఉంది కదా, చూసుకుంటుందిలే అనుకున్నాడు కోటిలింగం.

"ఎండ లేకుండా వచ్చి నేనేం చేసేది? తెరిపియ్యనీ, వస్తానని చెప్పు."

ఎండ కాశాక, ఆరబోయడానికి చాపలు పట్టుకుని వెళ్లాడు. నేరుగా దొడ్లో కొట్టంలోకి పోయి, మూటలోంచి ఒక కాయ తీసి చెవి దగ్గర ఆడించాడు. గలగలమంది.

బావమరిది వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"దీనికి నెమ్మేడుండాదిరా?"

"మూటలకని ఎవరన్నారు బావా? అక్కకు, రొమ్ములో. తెల్లారుజామున పోయింది."

బావమరిది ఒక చాప తీసుకుపోయి నట్టింట్లో పరిచాడు.

కోటిలింగం చేతిలో కాయతోనే వెళ్లి ఆ చాప పక్కన కూర్చున్నాడు.