వాయిదా వెయ్యని పాఠం

భవాని ఈరోజు కాలేజీకి రాకపోతే బాగుండునని ధనుంజయరావు మాస్టారు కోరుకున్నారు. కానీ వచ్చింది. తండ్రి పెద్దకర్మ అయిన మర్నాడే అవనిగడ్డలో బస్సు దిగి, తిన్నగా వచ్చి ముందు బెంచీలో కూర్చుంది.

ఆ రోజు పాఠం ఎలక్ట్రిక్ ఛార్జ్. భవాని తండ్రి అంకమ్మరావు పోయింది రొయ్యల చెరువులో కరెంటు షాకు కొట్టే.

"ఈ చాప్టర్ తర్వాత చెప్పుకుందామమ్మా," అన్నారాయన మెల్లగా.

"వద్దు సార్. ఈరోజే చెప్పండి."

ఆ పిల్ల మొహంలో ఏడుపూ లేదు, ఇంకోటీ లేదు.

మాస్టారు చాక్‌పీసు తీసుకున్నారు. ఛార్జ్‌ని ఎవరూ కంటితో చూడలేదన్నారు. ద్రవ్యరాశిలాగే అదీ పదార్థానికున్న ఒక గుణమనీ, అది చేసే పనిని బట్టే ఉందని తెలుస్తుందనీ చెప్పారు. పుట్టదు, నశించదు, ఒకచోటి నుంచి ఇంకోచోటికి పోతుందంతే. ఏటా తల దువ్వుకుని, ఆ దువ్వెనతో కాగితం ముక్కలు లేపి నవ్వించే పాఠమది. ఇవాళ దువ్వెన జేబులోంచి బయటికి రాలేదు. గొంతు తనది కానట్టే చెప్పుకుపోయారు.

భవాని లేచి నిలబడింది.

"సార్, ఆ ఛార్జ్ మనిషిలోంచి పోయేటప్పుడు నొప్పి తెలుస్తుందా?"

మాస్టారు చాక్‌పీసు బల్ల మీద పెట్టేశారు. తెలుస్తుంది. బాగా తెలుస్తుంది. కుర్రతనంలో మోటారు దగ్గర షాకు తిన్న మనిషాయన. పైగా ఫిజిక్సులో ఏనాడూ ఒక్క తప్పు ముక్క చెప్పలేదని పేరు.

"తెలియదమ్మా," అన్నారు.

"గట్టిగా చెప్పండి సార్."

మాస్టారు గొంతు పెంచారు. "అస్సలు తెలియదు. నొప్పి కబురు మెదడుకి చేరేలోపే అంతా అయిపోతుంది. నిద్రపోయినట్టే."

భవాని కూర్చుంది. పిల్ల నమ్మిందనుకున్నారాయన. చెప్పింది అబద్ధమే, అయినా చెప్పినందుకు ఆయనకి బాధ వెయ్యలేదు.

బెల్లు కొట్టాక భవాని వరండాలోకి వెనకే వచ్చింది.

"ఇంక దాని గురించి ఆలోచించకమ్మా. నాన్నకి ఏ బాధా తెలియలేదు," అన్నారు మాస్టారు.

ఆమె చున్నీ చాటు నుంచి ఫోను తీసి, కాల్ కట్ చేసింది.

"నాన్న ఎంతసేపు కేకలేశాడో గట్టు మీదున్న నాకు తెలుసండీ, ఆయనకి నొప్పి తెలియలేదని మీరు చెబితేగానీ నమ్మనని అన్నం ముట్టకుండా కూర్చున్న అమ్మకి వినిపించాలని అడిగాను."