మైనస్ ఒకటి

నా లెక్క తప్పిందంటే నేను ఒప్పుకోను.

ఘనాలోని మా కుమాసీలో వంశం తల్లి వైపు నుంచి నడుస్తుంది. మా వంశం కోసం పీహెచ్‌పీ అనే కంప్యూటర్ భాషలో ప్రోగ్రాం రాసింది నేనే. అందులోని ఫంక్షన్ ఒకామె తల్లి ఎవరో కనుక్కుని, తనను తానే మళ్ళీ పిలుచుకుని, ఆ తల్లికి తల్లిని వెతుకుతూ లోతుకి దిగుతుంది. దిగిన ప్రతిసారీ లెక్కకి ఒకటి కలుస్తుంది, తిరిగొచ్చిన ప్రతిసారీ ఒకటి తగ్గుతుంది. చివరికి సున్నా రావాలి.

ఆ రాత్రి ఆఫీసులో నేనూ, మా పిన్ని కొడుకు అమోకో మాత్రమే ఉన్నాం. లెక్క మాకు తెలిసిన తొమ్మిదో తల్లి దాకా దిగి, వెనక్కి వచ్చి, సున్నా చూపించింది. ఆ తర్వాత మైనస్ ఒకటి చూపించింది.

"అయిపోయిందా నీ గొప్ప, కొనాదక్కా?" అని నవ్వాడు అమోకో.

"నోర్ముయ్‌రా. వెళ్ళినవాళ్ళ కంటే ఒకరు ఎక్కువ తిరిగొచ్చారు, అంతే."

మళ్ళీ నడిపాను. మళ్ళీ అదే వచ్చింది. అప్పుడే బయట వరండాలో ఎవరో చెప్పులు ఈడ్చుకుంటూ నడిచొచ్చి మా తలుపు దగ్గర ఆగారు.

అమోకో గొంతు తగ్గిపోయింది. "అక్కా, ఆ లెక్క సరిచెయ్యవే."

నేను సరిచేయలేదు. మా ఇళ్ళలో ఎవరొచ్చినా ముందు నీళ్ళిస్తాం, తర్వాతే వచ్చిన పని అడుగుతాం. గ్లాసు నిండా నీళ్ళు పోసి, తలెత్తుకుని వెళ్ళి తలుపు తీశాను.

"తీసుకో అమ్మా," అన్నాను.

వరండాలో ఎవరూ లేరు. నా చేతిలో గ్లాసు మాత్రం మెల్లగా తేలికవుతోంది.