బండోడి ఒంటివేడి

పశువుల ఆస్పత్రి బల్ల మీద బండోడు వణికిపోతున్నాడు. కుక్కే గానీ వాణ్ణి పెంచుకుంటున్న ఆవిడకి చిన్నకొడుకుతో సమానం.

"ఒళ్లు ఇలా చల్లబడిపోయిందేమిటండీ?" అంటూ పశువుల డాక్టరమ్మ చెయ్యి పట్టుకుని బావురుమంది.

డాక్టరమ్మ కుక్క కళ్లు చూసింది, చిగుళ్లు చూసింది. "గంజాయి తిన్నట్టుందమ్మా," అంది.

ఇంకేముంది! ఆవిడ కొడుకు వైపు తిరిగింది. వాడు తలొంచుకున్నాడు. ఎవరో స్నేహితుడిచ్చిన గంజాయి బిస్కెట్లు సంచిలో దాచుకున్నాడట. బండోడు సంచి చింపి మొత్తం లాగించేశాడట.

కొడుకు చెంప ఛెళ్లుమంది.

"కన్నతల్లి కళ్లుగప్పి ఇంట్లో మత్తుమందు పెడతావా? ఇంతకన్నా నమ్మకద్రోహం ఉంటుందిరా?" అంటూ పక్కనున్న భర్త కూడా గయ్యిమన్నాడు. ఆపైన ఆవిడ భుజం తట్టి, "నువ్వు ఆవేశపడకు. ఈమధ్యే కాస్త కుదుటపడ్డావు," అన్నాడు.

ఎంత మంచి మనిషి! పోయినేడు తల్లి పోయి తను దిగులుతో మంచం పట్టినప్పుడు అన్నీ తానై చూసుకున్నాడు. ఆయన కడుపున పుట్టినవాడు ఇలా తయారయ్యాడు. ఆవిడకి ఒళ్లు మండిపోయింది.

డాక్టరమ్మ వేడినీళ్ల సంచులు పెట్టింది, దుప్పట్లు కప్పింది. ఒంటివేడి ఒకసారి దిగుతూ ఒకసారి ఎగబాకుతూ ఉంటే, థర్మామీటరు చూసిన ప్రతిసారీ ముఖం చిట్లిస్తూనే ఉంది. చివరికి నెత్తురు పరీక్షకి పంపింది. సాయంత్రానికి ఫలితం వచ్చింది.

"నేననుకున్నంతా అయింది. గంజాయి ఒక్కటే అయితే ఒంటివేడి ఇలా ఆటలాడదు. దిగులుకి వేసుకునే మాత్రలు కూడా వీడి ఒంట్లో ఉన్నాయి. మీ ఇంట్లో ఎవరు వాడుతున్నారు?"

"ఎవరూ లేరండీ. నాకు రాశారు గానీ, చచ్చినా మింగనన్నాను."

"అవి నావి కావమ్మా, నీ మీదొట్టు!" కొడుకు ఏడ్చేశాడు.

"నోర్ముయ్! ఇంకా ఏమేం దాచావురా?" ఆవిడ అరిచింది.

"దెబ్బలాటలు తర్వాత," డాక్టరమ్మ కసిరింది. "ఇవాళే మింగాడా, రోజూ పడుతోందా? అది తెలిస్తేనే నేను మందు వెయ్యగలను. వీడి ప్రాణం దాని మీదే ఉంది. ఎవరో ఒకరు నిజం చెప్పండి."

ఆవిడ భర్త కేసి చూసింది. ఆయన గోడకేసి చూస్తున్నాడు.

"రోజూనే," అంది ఆవిడ.

పడుకోబోయే ముందు ఆయన తన చేత్తో కలిపి తెచ్చే పాలు వెగటనిపించి, కాదంటే నొచ్చుకుంటాడని, ఆవిడ ఇన్నాళ్లూ చాటుగా బండోడి గిన్నెలో పోస్తోంది.