ఇంకో సీసా

బావా, చెల్లెమ్మ క్యాన్సర్ గడ్డకి ఇంకో సీసా అల్లం నూనె పంపమన్నావు. జవాబు ఆలస్యమైంది, ఏమనుకోకు.

మా ఆవిడకి రొమ్ములో గడ్డ కనబడితే పెద్దాసుపత్రికి పరిగెత్తాం. అక్కడ వరుసలో మా వీధి దర్జీ ఎదురయ్యాడు. "ఏం బాబాయ్, మీ కొట్లో అల్లం నూనె అయిపోయిందా?" అన్నాడు. తల ఎక్కడ పెట్టుకోవాలో తెలీలేదు. అల్లం నూనెకి క్యాన్సర్ కణాలు చస్తాయన్న పేపరు ముక్కని కొట్టు అద్దానికి అంటించింది నేనేగా!

డాక్టరమ్మనే అడిగేశాను. "ల్యాబులో గాజు గిన్నెలో కణాలు చచ్చాయంతే. మనిషికి నయమవుతుందని రుజువు లేదండీ" అంది.

మా ఆవిడకి గడ్డ అనగానే నాకా నూనె గుర్తుకే రాలేదు బావా. చెల్లెమ్మని మాత్రం "ఆపరేషన్ ఎందుకమ్మా" అని ఆపింది నేనే.

సీసా పంపను. తనని తీసుకుని వచ్చెయ్. ఆసుపత్రి గేటు దగ్గరే ఉంటాను. రేపు ఎన్నింటికి కలుద్దాం?