ఏడో నంబరు చొక్కా

"ఒక్క పది నిమిషాలు ఆడతానండీ, అంజిబాబు గారూ. ఆ ఏడో నంబరు చొక్కా ఇప్పించండి."

అడిగింది గుత్తుల. పరాయి దేశంలో, జెబెల్ అలీ దగ్గరి ఆ లేబర్ క్యాంపులో బాత్‌రూములు కడిగే మనిషి.

గేటు కార్డు మీద ఇంటిపేరే అచ్చయింది కాబట్టి అక్కడ అందరికీ ఆయన గుత్తులే. నలభై ఆరేళ్లకే అరవై దాటినట్టుంటాడు. పైగా కుంటి నడక.

టీమంతా గొల్లున నవ్వింది.

ఆదివారం సాయంత్రం. క్యాంపు వెనక ఇసుక గ్రౌండులో ఫుట్‌బాల్ ఫైనల్. లెఫ్ట్ వింగ్ ఆడే అమానుల్లాకి జ్వరం. మిగిలింది పది మందే. అయినా కెప్టెన్ అంజిబాబు ససేమిరా అన్నాడు.

"అదెవరి నంబరో తెలుసా బాబాయ్? ముమ్మిడివరం రాజబాబు గారిది! అందుకే మా టీములో ఎవడూ తొడగడు. నేనే తొడగను."

నిజమే. ప్రతి మ్యాచ్‌కీ ఆ చొక్కాని గోల్‌పోస్టుకి కట్టి, దండం పెట్టుకుని దిగేవారు.

"ఆయన స్టేటుకి ఆడింది మూడే మ్యాచ్‌లు. చిన్నప్పుడు మా నాన్న భుజాలెక్కి చూశాను. లైను వెంట బంతి పట్టుకెళ్తుంటే ఒక్కడంటే ఒక్కడు ఆపలేకపోయాడు! ఆ తర్వాత మరి కనపడలేదు."

"ఇప్పుడెక్కడున్నారోనండీ?"

"ఎక్కడున్నా రాజాలా ఉంటారు. పెద్ద కోచ్ అయిపోయుంటారు."

గుత్తుల నేల చూపులు చూశాడు.

"అయ్యే ఉంటారండీ."

పది మందితోనే దిగారు. గుత్తుల గీత బయట కుంటుకుంటూ ఒకటే అరుపులు.

"ఎడం పక్క ఖాళీగా ఉందండీ! లైను వదలొద్దండీ!"

ఒక్క గోలు తేడాతో ఓడిపోయారు. అంజిబాబు కోపమంతా ఆయన మీదికి మళ్లింది.

"నీ గోలతోనే పోయింది! బంతి సంగతి నీకేం తెలుసని? వెళ్లి బాత్‌రూములు కడుక్కో. ఖలాస్!"

గుత్తుల ఎప్పటిలాగే గోల్‌పోస్టు నుంచి చొక్కా విప్పి, ఉతకడానికి పట్టుకెళ్లాడు.

పొద్దున ఆయన లేవలేదు. నిద్రలోనే గుండె ఆగిపోయిందన్నారు.

"నువ్వూ తెలుగువాడివే కదా, కాగితాలు నింపు" అంటూ క్యాంప్ బాస్ ఆయన పాస్‌పోర్టు తెచ్చి అంజిబాబు చేతిలో పెట్టాడు.

అంజిబాబు ఖాళీ అయిన గుత్తుల మంచం మీదే కూర్చున్నాడు. ఎదురుగా తాడు మీద ఏడో నంబరు చొక్కా ఆరుతోంది. చంక కింద చిరుగు కూడా కుట్టి ఉంది.

అతనికి కళ్లు చెమ్మగిల్లాయి. పాడు నోరు! పది నిమిషాలేగా అడిగాడు, ఇస్తే నా సొమ్మేం పోయేది?

కళ్లు తుడుచుకుని పాస్‌పోర్టు తెరిచాడు.

ఇంటిపేరు గుత్తుల, పేరు రాజబాబు, పుట్టిన ఊరు ముమ్మిడివరం.