ఉద్దానం తొలి గోలు

రిఫరీ రమణమూర్తి ఈల ఊది టెక్కలి గోలు కేసి చెయ్యి చూపించేసరికి ఉద్దానం జనానికి సంతోషం కన్నా ముందు భయం వేసింది. పెనాల్టీ. ఆట ముగియడానికి ఇంక కాస్తే ఉంది. బంతి తన్నాల్సినవాడు ఉద్దానం కెప్టెన్ ఢిల్లేశ్వరరావు. ఎదురుగా రెండు కొబ్బరిచెట్ల మధ్య గోలు కాస్తున్నవాడు టెక్కలి వైకుంఠరావు. అతను మొన్న వేసవిలోనే ఉద్దానానికి అల్లుడయ్యాడు.

ఢిల్లేశ్వరరావు బంతిని ఇసుకలో కుదురుగా పెట్టి వెనక్కి అడుగు వేశాడో లేదో, వైకుంఠరావుకి పిల్లనిచ్చిన మావ గున్నయ్య గొడుగు ఊపుకుంటూ ఆట మధ్యలోకి వచ్చేశాడు.

"ఏట్రా ఢిల్లేసు, ఇంటల్లుడి మీదకి కాలెత్తుతావేటి?"

"కాలు బంతి మీదకి మావా. అల్లుడి మీదకి కాదు."

మరి ఆ బంతి ఎవరి మీదకి పోతుందని గున్నయ్య అడిగాడు. ఢిల్లేశ్వరరావు వంగి బంతిని మళ్ళీ సర్దడం మొదలుపెట్టాడు.

పాపం, కెప్టెన్ బాధ అతనిది. ఇచ్ఛాపురం నుంచి టెక్కలి దాకా ఉన్నదంతా ఒక ఖండమనీ, అందులో ఉద్దానం ఒక దేశమనీ అక్కడివాళ్ళ లెక్క. ఆ ఖండమంతటికీ ఏటేటా జరిగే కప్పు పోటీలో ఉద్దానం చరిత్ర చెప్పాలంటే ఒక్క మాట చాలు. ఆ జట్టు ఇంతవరకూ గోలు కొట్టలేదు. ఓడిపోవడం వేరు, ఎవరైనా ఓడిపోతారు. ఒక్క గోలైనా లేకుండా ఇన్నేళ్ళపాటు ఓడిపోవాలంటే మాత్రం చాలా పట్టుదల కావాలి. ఈ ఏడూ అంతే అయితే వచ్చే ఏడు పిలిచేది లేదని పోటీ పెద్దలు ముందే తేల్చి చెప్పేశారు. రంగూన్లో కలప మిల్లులో పనిచేసి, స్టీమరు దిగినప్పుడు బంతి చంకన పెట్టుకొచ్చి, ఊరికి ఆట నేర్పినవాడు ఢిల్లేశ్వరరావు. పిలుపు పోతే ఆ బంతి అటకెక్కుతుందని అతనికి తెలుసు.

పైగా వైకుంఠరావు చేతుల్లోంచి బంతి జారడం ఎవరూ చూడలేదు. మర్యాద పక్కనపెట్టి తన్నినా పట్టేస్తాడు. అప్పుడు ఇటు మర్యాదా పోయె, అటు గోలూ పోయె.

సరిగ్గా అక్కడే ఢిల్లేశ్వరరావు బుర్ర పనిచేసింది. ఆ ఊళ్ళలో అత్త అల్లుడి ఎదట పడదు. పొరపాటున పడితే ఆవిడ కొంగు మొహం మీదికి లాక్కోవాలి, అతను తల వంచుకుని పక్కకి తిరగాలి. ఢిల్లేశ్వరరావు గున్నయ్యని పక్కకి లాగి చెవిలో ఊదాడు.

"అప్పలమ్మత్తని ఒక్కసారి నా ఎనకాల నిలబెట్టు మావా. అల్లుడు తలొంచుకుంతాడు, నాను నెమ్మదిగా తోసేత్తాను. ఆడికి దెబ్బా తగల్దు, మర్యాదా పోదు."

గున్నయ్య మొహం కందగడ్డ అయింది. "నా ఆడదాన్ని బంతాటకి తెమ్మంతావేట్రా? అది గుమ్మం దాటితే నా పేరు గున్నయ్య కాదు."

గొడుగు అక్కడే పారేసి, కొబ్బరితోటల్లోంచి ఇంటివైపు విసవిసా వెళ్ళిపోయాడు. తలుపుకి తాళం పెట్టడానికే అనుకున్నారు అందరూ.

రమణమూర్తి తొందరపెడుతున్నాడు. ఆయన పలాస స్టేషన్లో గుమాస్తా, సాయంత్రం రైలు వేళకి అక్కడుండాలి. ఢిల్లేశ్వరరావు కాల్లో ముల్లు దిగిందని కాసేపు కూర్చున్నాడు. తర్వాత పంచె బిగించుకోవాలన్నాడు. ఇంక సాకులు అయిపోయి, దేవుడి మీద భారం వేసి లేచేసరికి, వెనక ఆడవాళ్ళ గుంపులో కలకలం రేగింది. గళ్ళచీర కట్టుకుని, కొంగు మొహం మీదికి లాక్కుని, ఒక ఆకారం అందరినీ మోచేతులతో నెట్టుకుంటూ వచ్చి సరిగ్గా కెప్టెన్ వెనకాల నిలబడింది. అది అప్పలమ్మ చీరేనని పక్కింటి నూకమ్మ గుర్తుపట్టింది. వదినా అని పలకరించినా పలుకు లేదు. అల్లుడి ఎదట నోరు విప్పకూడదు కదా అని నూకమ్మే సర్దుకుంది.

వైకుంఠరావు అటు చూశాడు. ఒక్క క్షణం కళ్ళు చిట్లించాడు. తర్వాత తల వంచుకుని, చేతులు కట్టుకుని, వినయంగా కొబ్బరిచెట్టు వైపు తిరిగిపోయాడు.

ఢిల్లేశ్వరరావు బంతిని కాలితో మెల్లగా తోశాడు. అది ఇసుకలో దొర్లి దొర్లి, మధ్యలో ఆగిపోతుందేమోనని అందరి ప్రాణాలూ తోడేసి, ఎట్టకేలకు గీత దాటింది.

ఇంక చూడాలి సంబరం. డప్పులు మోగాయి, తువ్వాళ్ళు గాల్లోకి లేచాయి. టెక్కలివాళ్ళు అప్పటికే అరడజను గోల్స్ కొట్టి ఉన్న సంగతి ఎవరికీ గుర్తులేదు. ఢిల్లేశ్వరరావు ఇసుకలో కూలబడి పసిపిల్లాడిలా ఏడ్చేశాడు. ఇది అన్యాయమని టెక్కలి కెప్టెన్ సీతారాం గొడవకి దిగాడు. రూల్స్‌లో అత్తగారి ప్రస్తావన ఎక్కడా లేదనీ, గోలు గోలేననీ చెప్పి, రమణమూర్తి ఆఖరి ఈల ఊదేసి రైలు కోసం పరుగెత్తాడు.

ఆ సందడిలో గళ్ళచీర ఆకారం గబగబా తోటల్లోకి జారుకోబోతుంటే వైకుంఠరావు అటుగా వచ్చాడు. మర్యాదగా పక్కకి తప్పుకుని, తల ఎత్తకుండా, ఇంకెవరికీ వినబడకుండా అన్నాడు.

"కొంగు ఇంకాస్త కిందకి లాక్కో మావా. ఇందాకట్నుంచీ మీసం కనబడతానే ఉంది."